లండన్‌లో ఏడు రోజులు: పాస్‌ల లెక్క నేను తేల్చుకున్న విధం

2023 సెప్టెంబరులో అమ్మను వెంటబెట్టుకుని లండన్ చూడటానికి బయలుదేరే ముందు, మా ఖర్చులో తగ్గించుకోవడానికి వీలున్నది నగరంలో తిరగడానికీ ప్రవేశ టికెట్లకూ అయ్యే మొత్తమే అని తేలింది. విమాన టికెట్లు, బస అప్పటికే ఖరారైపోయాయి. అందుకని ప్రయాణానికి ముందు పది రోజుల పాటు రోజూ రాత్రి ఒక గంట కూర్చుని పాస్‌లు, రాయితీలు ఒక్కొక్కటే లెక్క కట్టాను. ఆ లెక్కలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో వివరంగా రాస్తున్నాను.

మొదట నా దృష్టి పడింది ఒకే ధరకు పదుల కొద్దీ చోట్ల ప్రవేశం కల్పించే దర్శనీయ స్థలాల పాస్ మీద. జాబితా చూస్తే ఆశ పుడుతుంది. అయితే అలాంటి పాస్ కొనేటప్పుడు అది రోజులను గంటల్లో లెక్కిస్తుందా, తేదీల్లో లెక్కిస్తుందా అన్నది తప్పక చూసుకోవాలి. నేను చూసినది తేదీల లెక్కది, అంటే మధ్యాహ్నం మూడింటికి మొదటిసారి వాడినా ఆ రోజు పూర్తిగా ఖర్చయినట్టే. పైగా అది గిట్టుబాటు కావాలంటే రోజుకు మూడు నాలుగు చోట్లకు పరుగులు తీయాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అది సాధ్యం కాదు. మేము నిజంగా చూడాలనుకున్నవాటిని ఒక కాగితం మీద రాసి చూస్తే, అందులో టికెట్టు ఉన్నవి రెండే రెండు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, టేట్ మోడర్న్ వంటివాటి శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుమే లేదు. వాటిలో కొన్ని ఎప్పటి నుంచో ఉచితమే, అప్పటిదాకా రుసుము తీసుకుంటున్న జాతీయ మ్యూజియంలు కూడా 2001 డిసెంబరు నుంచి ఉచితమయ్యాయి. ఆ కాగితం చూశాక పాస్ ఆలోచన మానుకున్నాను.

రవాణా లెక్క ఇంత తేలికగా తేలలేదు. లండన్‌ను ఛార్జీల కోసం జోన్లుగా విభజించారు, చూడదగ్గవాటిలో ఎక్కువ భాగం 1, 2 జోన్లలోనే ఉన్నాయి. ముందే డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డును గాని, బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డును గాని స్టేషన్ గేటు దగ్గర తాకిస్తూ తిరిగితే, ఒక రోజులో ఎన్నిసార్లు ప్రయాణించినా ఒక పరిమితి దాటి డబ్బు తీసుకోరు. మేము వెళ్లిన ఏడాది 1, 2 జోన్లకు ఆ రోజువారీ పరిమితి 8.10 పౌండ్లు, బస్సులు మాత్రమే ఎక్కితే 5.25 పౌండ్లు. వారానికి కూడా పరిమితి ఉంది, కాని ఆ వారం సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్క. ఇక్కడే నాకు చిక్కు కనిపించింది. మేము గురువారం సాయంత్రం దిగుతున్నాం, శుక్రవారం నుంచి మరుసటి గురువారం దాకా తిరుగుతాం. అంటే మా ఏడు రోజులు మూడు, నాలుగుగా రెండు వారాల మధ్య చీలిపోతాయి, వారపు పరిమితి మాకు ఏ వారంలోనూ అక్కరకు రాదు.

అదే ఏడు రోజుల ట్రావెల్‌కార్డును, అంటే ఒకసారి కొని ఎన్నిసార్లైనా తిరగగలిగే టికెట్టును, ఏ రోజు నుంచైనా మొదలుపెట్టవచ్చు. దాని ధర అప్పట్లో 40.70 పౌండ్లు. ఐదు రోజులు ట్యూబ్ అనే భూగర్భ రైలులోనూ రెండు రోజులు బస్సుల్లోనూ తిరిగి, ఏ రోజుకా రోజు పరిమితి చేరుకున్నామనుకుంటే, విడివిడిగా మనిషికి 51 పౌండ్లు అవుతుంది. ట్రావెల్‌కార్డుతో మనిషికి 10.30 పౌండ్లు మిగులుతాయి. మేము ఒకవేళ సోమవారం నుంచి తిరగడం మొదలుపెట్టి ఉంటే ఈ తేడా ఉండేదే కాదు. రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే రైలు ఎక్కేవారికి కూడా కాంటాక్ట్‌లెస్ కార్డే మేలు. అరవై దాటినవారికి ఏడాది చెల్లే సీనియర్ రైల్‌కార్డు ఉంది, అమ్మకు తీసుకుందామా అని కూడా ఆలోచించాను. దాన్ని ఆయిస్టర్ కార్డుకు జోడిస్తే రద్దీ లేని వేళల్లో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది గాని, దాని ధర అప్పట్లో 30 పౌండ్లు. ఒక్క వారంలో అంత తిరిగి రాదు.

హీత్రో విమానాశ్రయంలో దిగిన సాయంత్రం ఇంత లెక్క కట్టిన నేనే ఒక పొరపాటు చేశాను. హీత్రో 6వ జోన్‌లో ఉంది. అక్కడి నుంచి నగరంలోకి అతి వేగంగా తీసుకెళ్లే ప్రత్యేక రైలు చాలా ఖరీదు కనుక, మేము పికడిల్లీ లైన్ ట్యూబ్ ఎక్కాం. ఎక్కేటప్పుడు చేతిలోని బ్యాంకు కార్డు తాకించాను, దిగేటప్పుడు సామాను సర్దుకుంటూ, అదే ఖాతాకు జోడించిన ఫోన్ తాకించాను. ఖాతా ఒకటే అయినా ఆ వ్యవస్థ కార్డును, ఫోన్‌ను రెండు వేర్వేరు మనుషులుగా చూస్తుంది. ఫలితంగా రెండు అసంపూర్ణ ప్రయాణాలు నమోదై, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడింది. రెండు రోజుల తర్వాత చూసుకుని, జరిగింది రాసి కోరగా, అదనంగా పడిన మొత్తాన్ని తిరిగి జమ చేశారు. ఎక్కేటప్పుడు ఏది తాకిస్తే దిగేటప్పుడూ అదే తాకించాలి, ఇద్దరు మనుషులకు ఒకే కార్డు పనికిరాదు. అమ్మకు వేరే కార్డు ముందే ఇచ్చి ఉండటం వల్ల ఆమె ప్రయాణం మాత్రం సరిగ్గా నమోదైంది.

మర్నాడు ఉదయం ట్రావెల్‌కార్డు కోసం బసకు దగ్గరలోని ట్యూబ్ స్టేషన్‌కు కాకుండా, కాస్త దూరమైనా వాటర్లూ రైల్వే స్టేషన్‌కు వెళ్లాం. దానికి కారణం ఉంది. రైలు ప్రయాణికులకు కొన్ని దర్శనీయ స్థలాల్లో ఒక టికెట్టు ధరకు ఇద్దరికి ప్రవేశం ఇచ్చే రాయితీ, అక్కడి రైల్వే సంస్థల ఉమ్మడి పేరైన నేషనల్ రైల్ తరఫున ఉంది. దానికి ఆయిస్టర్ కార్డు గాని, కాంటాక్ట్‌లెస్ కార్డు గాని చెల్లదు. ట్యూబ్ స్టేషన్‌లో అడిగితే ట్రావెల్‌కార్డును ఆయిస్టర్‌లోకి ఎక్కించి ఇస్తారు. రైల్వే స్టేషన్ కౌంటర్‌లో అయితే, రైల్వే గుర్తు ముద్రించిన కాగితపు టికెట్టు ఇస్తారు. ధర ఒకటే, ప్రయాణ హక్కులు ఒకటే, కాని ఆ గుర్తున్న కాగితానికే ఈ రాయితీ వర్తిస్తుంది. కాగితపు వారం టికెట్టుకు ఫోటో గుర్తింపు కార్డు కావాలి. దాన్ని కౌంటర్‌లోనే ఉచితంగా చేసి ఇస్తారు గాని, పాస్‌పోర్టు సైజు ఫోటో మనం తీసుకెళ్లాలి. నేను ఫోటోలు ఇంటి దగ్గరే సంచిలో వేసుకోవడం వల్ల పది నిమిషాల్లో పని పూర్తయింది.

ఆ రాయితీకి నియమాలు కొంచెం కట్టుదిట్టంగానే ఉంటాయి. ఇద్దరి దగ్గరా ఆ రోజుకు చెల్లే టికెట్టు విడివిడిగా ఉండాలి, రాయితీ పత్రం ముందే తీసుకుని ఉండాలి, ప్రవేశద్వారం దగ్గర రెండూ చూపాలి. పాల్గొనే స్థలాల జాబితా మారుతూ ఉంటుంది కనుక వెళ్లే వారంలోనే సరిచూసుకోవాలి. మా కాగితం మీద ఉన్న రెండు టికెట్టు స్థలాలకూ అది దొరికింది. ఏ రాయితీ దొరికినా, అది మన జాబితాలో ముందే ఉన్నదానికైతేనే లాభం. సగం ధరకు వస్తుందని జాబితాలో లేని మూడో చోటికి వెళ్లడానికి నేను దాదాపు సిద్ధపడితే, అమ్మే వద్దంది.

బస్సుల సంగతి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మాకు ఎక్కువ ఆనందం ఇచ్చినవి అవే. ట్రావెల్‌కార్డు ఏ జోన్లకు తీసుకున్నా లండన్ బస్సులన్నిటిలోనూ, నగరం ఆ చివరి వరకూ చెల్లుతుంది. 15వ నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ కెథీడ్రల్ మీదుగా టవర్ ఆఫ్ లండన్ వైపు వెళ్తుంది. 24వ నంబరు వైట్‌హాల్, పార్లమెంటు పక్కనుంచి పోతుంది. పర్యాటకుల కోసం నడిపే పైకప్పు లేని బస్సుకు పెట్టే డబ్బు పెట్టకుండానే ఆ దారులన్నీ చూశాం. అమ్మ రెండంతస్తుల బస్సులో పైకి మెట్లు ఎక్కలేదు కనుక కింద, ద్వారానికి దగ్గరగా వృద్ధులకు కేటాయించిన సీట్లో కూర్చునేది. ట్యూబ్‌లో మెట్లు, పొడవాటి నడవాలు దాటాల్సిన అవసరం ఇక్కడ లేదు. ఇక ట్యూబ్ పటం దూరాలను చూపదని గుర్తుంచుకోవాలి. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం దాదాపు 260 మీటర్లే, రైలు కోసం కిందికి దిగి పైకి వచ్చేలోగా నడిచే వెళ్లిపోవచ్చు.

థేమ్స్ నది మీద నడిచే పడవలు రోజువారీ పరిమితిలోకి రావు. ట్రావెల్‌కార్డు చూపితే ఛార్జీలో మూడో వంతు తగ్గిస్తారు. గ్రీనిచ్‌కు ఒకసారి అలా పడవలో వెళ్లి, బస్సులో తిరిగి వచ్చాం.

బ్రిటిష్ మ్యూజియంకు మాత్రం మూడుసార్లు వెళ్లాం. 33ఎ గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. అవి 1859లో లండన్‌కు చేరి, 1880లో ఈ మ్యూజియంకు వచ్చాయి. మొదటి రోజు అమ్మ గంటసేపు ఆ సున్నపురాతి ఫలకాల ముందే ఉండిపోయింది, మిగతా గదులకు రానంది. టికెట్టు కొన్న చోటైతే డబ్బు వృథా అవుతుందని నేను తొందరపెట్టేదాన్నేమో. ఇక్కడ ప్రవేశం ఉచితం, చేతిలో ట్రావెల్‌కార్డు ఉంది, రావడానికి మళ్లీ ఛార్జీ లేదు. అందుకని ఆ రోజు అక్కడితో ఆపి బసకు వెళ్లిపోయాం. ఆదివారం ఒక గంట ఈజిప్టు గదులు చూశాం. చివరి రోజు ఉదయం మళ్లీ 33ఎ గదికే వెళ్లాం, వచ్చేటప్పుడు అమ్మ పది పౌండ్ల నోటు తీసి విరాళాల పెట్టెలో వేసింది.