దీవి బడిలో పాలమూరు పంతులు

సెలవులకు మహబూబ్‌నగర్ వచ్చిన ప్రతిసారీ, బీఈడీ పూర్తి చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మాల్దీవుల ఉద్యోగం గురించి అడుగుతుంటారు. జీతమెంత, వీసా ఎట్లా, తిండి సరిపడుతుందా అన్నవే వారి ప్రశ్నలు. అవి అడగవలసినవే. అయితే అక్కడ కొత్త ఉపాధ్యాయుణ్ణి మొదటి నెలల్లో కలవరపెట్టేవి, ఆ తరువాత నిలబెట్టేవి వేరే ఉన్నాయి కనుక వాటి గురించి రాస్తున్నాను.

తిండి సంగతి ముందే చెబుతాను. బియ్యానికి లోటు లేదు, ట్యూనా చేప రోజూ దొరుకుతుంది. కూరగాయలు మాత్రం చాలా దీవులకు రాజధాని మాలే నుంచి పడవలో రావాలి. సముద్రం బాగా లేని రోజుల్లో ఆలస్యమవుతాయి. చింతపండు, కారంపొడి వెంట ఉంటే పచ్చిపులుసుతోనైనా పూట గడుస్తుంది. దేవుడి విగ్రహాలు మాత్రం పెట్టెలో పెట్టుకోవద్దు. పూజా విగ్రహాలను తీసుకురావడాన్ని ఆ దేశపు చట్టం నిషేధించింది కాబట్టి, బయలుదేరే ముందే ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చజెప్పడం మంచిది.

అన్నిటికన్నా మనసుకు ఆలస్యంగా అలవాటయ్యేది వారం. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం బడి మొదలవుతుంది. ఇంటి దగ్గర అందరూ ఒక్కచోట చేరి తీరికగా మాట్లాడుకునే ఆదివారం నాడు మనం తరగతి గదిలో ఉంటాము, మనకు సెలవున్న శుక్రవారం నాడు ఇక్కడ ఎవరి పనుల్లో వారుంటారు. ఒంటరితనం నాకు మొదట తెలిసింది ఈ తేడాలోనే. చివరకు శుక్రవారం రాత్రిని మా ఇంటి ఫోను వేళగా కుదుర్చుకున్నాము. మా అమ్మ ఆ పూట వంట ముందే ముగించుకుని కూర్చుంటుంది.

ఇక తరగతి గది. బోధన ఇంగ్లీషులో సాగుతుంది, పిల్లల ఇంటి భాష దివేహి. ఒకే తరగతిలో నలుగురు ఐషత్‌లు, ముగ్గురు మొహమ్మద్‌లు ఉండడం మామూలే గనుక, రెండో పేరు కూడా నేర్చుకుంటే తప్ప ఎవరినీ పిలవలేము. నేను చెప్పేది లెక్కలు. కాలము, దూరము అనగానే మన పుస్తకాల్లో రైలు ప్లాట్‌ఫారమును దాటుతుంది. దేవరకద్రలో రైళ్లు చూస్తూ పెరిగిన నాకు అంతకంటే సహజమైన ఉదాహరణ లేదు. కానీ ఆ దేశంలో రైలు లేదు, నది లేదు, కొండ లేదు. నేల సముద్రమట్టానికి సగటున మీటరున్నర ఎత్తు మాత్రమే. అందుకని నా లెక్కలన్నీ ధోని పడవలోకి ఎక్కించాను. ఒక దీవి నుంచి మరో దీవికి, నీటి వాలుకు ఎంతసేపు, ఎదురు నీటికి ఎంతసేపు అని అడిగితే, వెనుక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు లేచి, ఏ రుతుపవనంలో సార్ అని అడిగాడు. గాలి మారితే దీవుల మధ్య నీటి ప్రవాహపు దిక్కు కూడా మారుతుందని ఆ రోజు బోర్డు మీద బొమ్మ గీసి వివరించినది అతడే. ఆనాటి నుంచి ఆ తరగతి నాకు పరాయిది కాలేదు.

అతని తండ్రి జాలరి. ఆయన ద్వారానే వారి నకై లెక్క తెలిసింది. ఏడాదిని పదమూడు, పద్నాలుగు రోజుల చొప్పున 27 భాగాలు చేసి, ఒక్కొక్క దానికి ఒక నక్షత్రం పేరు పెట్టి, ఏ భాగంలో గాలివాన వస్తుందో, ఎప్పుడు చేప పడుతుందో చెబుతారు. ఇవి మన కార్తెలే. మా నాన్న మృగశిర కార్తెలో వాన చూసి విత్తనం వేస్తే, ఆయన అదే నక్షత్రం పేరుతో పడవ దించాలో వద్దో నిర్ణయించుకుంటాడు. దీవికి వెళ్లే ఉపాధ్యాయుడు బడి మీటింగుల్లో కూర్చున్నంత శ్రద్ధగా ఇటువంటి మనుషుల దగ్గర కూడా కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం.

పాలమూరు నుంచి వలస కొత్త కాదు. మన వాళ్లు మట్టి పనికి, ఆనకట్టల కట్టుబడికి, ముంబై మేస్త్రీల వెంట దేశమంతా పోయారు. ఏ కాగితమూ చేతిలో లేకుండా పోయి మోసపోయినవారి కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పుస్తకం పట్టుకుని పోయే మనకు ఆ కాగితం అడిగే అవకాశం ఉంది. ఒప్పందంలో గది అద్దె ఎవరిది, సెలవుల విమాన టికెట్టు ఎవరిది, కాలపరిమితికి ముందే మానుకుంటే ఏమవుతుంది అన్నవి రాతపూర్వకంగా ఉన్నాయో లేవో చూడండి. జీతం రుఫియాల్లో ఇస్తారు, ఇంటికి పంపేది డాలర్లుగా మార్చి. 1974 నుంచి మాలేలో ఉన్న భారతీయ స్టేట్ బ్యాంకు శాఖలో నెలకు ఎంత పంపనిస్తున్నారో ముందుగా కనుక్కోండి. ఆ పరిమితి మారుతూ ఉంటుంది కాబట్టి, ఇంటి అప్పు వాయిదాను దాని మీద నమ్మకంతో పెట్టుకోవద్దు.