మెలట్టూరులో తెల్లవార్లూ తెలుగు

తంజావూరుకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, కావేరి నీటితో పండే వరి పొలాల నడుమ మెలట్టూరు అనే చిన్న పల్లె ఉంది. వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు, అంటే నరసింహ జయంతి రాత్రి, వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుటి వీధిలో పందిరి వేసి, స్వామిని వేదికకు ఎదురుగా వేంచేపు చేసి, ఆ ఊరివారు ప్రహ్లాద చరిత్రమును తెల్లవార్లూ ఆడతారు. ఇళ్ళలో మాట్లాడేది తమిళం. నాటకంలోని దరువులు (పాత్రల పాటలు), ద్విపదలు, వచనాలు మాత్రం తెలుగు. దీనినే భాగవత మేళం అంటారు. దీన్ని నృత్యనాటకంగా లెక్కగడతారు గాని, నా మటుకు నాకు ఇది ముందు సంగీతోత్సవం, ఆ తర్వాతే తక్కినవన్నీ.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం చెదిరిపోగా, తెలుగు కవులకూ కళాకారులకూ తంజావూరు నాయకుల కొలువు ఆశ్రయమైంది. అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్ళూ భూములూ ఇచ్చి ఇక్కడ అగ్రహారం నిలిపాడని చెబుతారు. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును వదలలేదు. శహాజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆ వాతావరణంలోనే, త్యాగరాజస్వామికి వయసులో పెద్దవాడైన సమకాలికుడు మెలట్టూరు వెంకటరామశాస్త్రి ఈ నాటకాలను కూర్చాడు. ఉషాపరిణయం, మార్కండేయ, రుక్మాంగద, హరిశ్చంద్ర నాటకాలు కూడా ఆయనవే.

మొదట కోణంగి అనే విదూషకుడు వచ్చి గంతులు వేసి, సందడిగా ఉన్న జనాన్ని తనవైపు తిప్పుకుంటాడు. అతని వెనుక వినాయకుడి ముఖం తొడుక్కున్న చిన్న పిల్లవాడు వస్తాడు. అసలు పాత్రలు రావడానికి చాలా సమయం పడుతుంది, ఎందుకంటే ప్రతి ముఖ్యపాత్రకూ ఒక ప్రవేశ దరువు ఉంటుంది, ఆ దరువును గాయకులు ఏమాత్రం తొందర పడకుండా, రాగం రుచి తెలిసేలా పాడతారు. హిరణ్యకశిపుడి రాకకు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడగా, తెర వెనుక గజ్జెల మోత, ముందు తాళాల మోత కలిసి చాలాసేపు నడిచాయి. రాజు ముఖం కనబడేసరికి అతని అహంకారం ఎంతటిదో పాటే చెప్పేసింది. స్త్రీ వేషాలు కూడా మగవారే వేస్తారు. కొడుకును దగ్గరకు తీసుకున్న లీలావతి భర్త వైపు బెదురుగా చూసినప్పుడు, ఆ నగల వెనుక ఒక నడివయసు పురుషుడున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. పాఠాన్ని తమిళ లిపిలో రాసుకుని నేర్చుకున్నవారు ఉండటం వల్ల క, గలు అక్కడక్కడా తారుమారవుతాయి. చెవికి కొంచెం తగులుతుంది గాని, మన వేదికల మీద స్పష్టమైన తెలుగులో హడావిడిగా ముగించే ప్రదర్శనల కంటే నాకిది నచ్చింది. కూచిపూడిలోనూ ఒకప్పుడు ఇలా రాత్రంతా ఆడేవారు. పట్నాల సభల సమయాలకు తగ్గట్టు మనం దాన్ని కుదించుకున్నాం. ఇక్కడ అలా కుదరదు, ఎందుకంటే ఇది టికెట్టు కొన్న ప్రేక్షకులకు కాదు, నరసింహస్వామికి చెల్లించే మొక్కు. చెన్నైలోనూ ఇతర ఊళ్ళలోనూ ఉద్యోగాలు చేసుకునేవారు సెలవు పెట్టి వచ్చి వేషం కడతారు.

నరసింహుడి ముఖానికి పూజలు చేస్తారు, దానిని ధరించేవారు ఉపవాసం ఉంటారు. తెల్లవారుజామున ఆ ముఖం వేదిక మీదికి వచ్చేసరికి నిద్రమత్తులో ఉన్నవారు కూడా లేచి నిలబడ్డారు. ఆవేశంతో ముందుకు దూకబోయే వేషధారిని నలుగురైదుగురు పట్టుకుని ఆపుతుండగా, ఎదుట హిరణ్యకశిపుడు సవాళ్ళు విసురుతూనే ఉన్నాడు. మృదంగం ఒక్క క్షణం కూడా ఆగలేదు. నా పక్కనున్న ముసలావిడ నాటకం చూడటం మానేసి చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

1855లో తంజావూరు రాజ్యం ఆంగ్లేయుల పరమయ్యాక ఆదరణ తగ్గి ఈ కళ దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. 20వ శతాబ్దంలో న్యాయవాది ఇ. కృష్ణ అయ్యర్ దీని గురించి పదిమందికీ తెలియజెప్పారు. ఇప్పుడు ఊళ్ళో రెండు బృందాలు వేరువేరుగా ఉత్సవం జరుపుతున్నాయి. చాలామంది ప్రహ్లాద చరిత్రం ఒక్కటీ చూసి మర్నాడే బయలుదేరతారు. వీలుంటే ఇంకో నాలుగు రోజులు ఉండండి. తర్వాతి రాత్రుల్లో జనం పలచబడి, ముందు వరుసలోనే చోటు దొరుకుతుంది, దరువులు మాట మాటా వినబడతాయి.