నాలుగో రంధ్రం కథ: ఎయిర్ పిస్టల్ ఫీడింగ్ లాగ్

మూడు వారాలుగా నా ఎయిర్ పిస్టల్ పెల్లెట్లను, అంటే చిన్న సీసం గుండ్లను, సరిగ్గా తీసుకోవడం లేదు. పెల్లెట్‌ను లోపలికి నెట్టే బోల్ట్‌ను ముందుకు తోస్తే సగంలో ఆగుతోంది. బలంగా నెడితే లోపలికి పోతుంది కానీ, ఆ షాట్ ఎక్కడికి పోతుందో తెలియదు. తిప్పర్తి దగ్గర మా ఊళ్ళో పాత పశువుల కొట్టం ఖాళీగా ఉంది. గోడకు ఇసుక నింపిన ఇనుప డబ్బా పెట్టి, 10 మీటర్లు కొలిచి, ఆదివారాలు అక్కడే సాధన చేస్తాను. సాధన కోసం పోయినవాణ్ణి రిపేరు పనిలో పడ్డాను.

పిస్టల్ 4.5 ఎంఎం. చేతిపంపుతో సిలిండర్‌లో గాలి నింపాలి. తొమ్మిది రంధ్రాల గుండ్రటి మ్యాగజైన్. బోల్ట్ వెనక్కి లాగినప్పుడల్లా స్ప్రింగ్ ఆ చక్రాన్ని ఒక రంధ్రం జరుపుతుంది. బోల్ట్ ముందున్న సన్నటి కడ్డీ పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి, అంటే పిస్టల్ గొట్టంలోకి నెడుతుంది. ఈషా సింగ్ లాంటి మన హైదరాబాద్ షూటర్లు పోటీల్లో వాడే 10 మీటర్ల పిస్టల్‌లో ఈ చక్రం ఉండదు. 75 నిమిషాల్లో 60 షాట్లు, ప్రతి పెల్లెట్ చేత్తో పెట్టుకోవాల్సిందే. నాకు మ్యాగజైన్ కావాలి కాబట్టి దాని బాధ కూడా నేనే పడాలి.

మొదటి ఆదివారం తప్పు చేశాను. పెల్లెట్ల డబ్బా మార్చాను, మ్యాగజైన్ తుడిచాను, బోల్ట్‌కు గ్రీజు పెట్టాను, అన్నీ ఒకేసారి. కొంచెం బాగైంది, మళ్ళీ మొదటికొచ్చింది. దేనివల్ల బాగైందో తెలియలేదు.

రెండో ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. మ్యాగజైన్ మీద మార్కర్‌తో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాను. పది మ్యాగజైన్లు, అంటే 90 పెల్లెట్లు. 17 సార్లు ఇరుక్కుంది. ఏడు సార్లు నాలుగో రంధ్రంలోనే! మిగతా పది అక్కడొకటి ఇక్కడొకటి. దాంతో తెలిసింది, నాకున్నది ఒక సమస్య కాదు, రెండు.

ఇరుక్కున్నప్పుడు నేను చేసేది ఇదీ: పిస్టల్ మూతి (గొట్టం ముందు కొస) ఇసుక డబ్బా వైపే ఉంచి, బోల్ట్ వెనక్కి లాగి, మ్యాగజైన్ తీసేస్తాను. పెల్లెట్ బ్యారెల్ వెనక కొసలోనే ఉండిపోతే ముందు సిలిండర్‌లో గాలి మొత్తం వదిలేసి, ఆ తర్వాతే మూతి వైపు నుంచి శుభ్రం చేసే కడ్డీతో మెల్లగా వెనక్కి నెడతాను. గాలి ఉండగా మూతి ముందు చెయ్యి పెట్టను.

నాలుగో రంధ్రంలో పెట్టే పెల్లెట్ల తలకు నల్ల మార్కర్ పూసి లోపలికి పంపాను. ఇరుక్కున్నదాన్ని వెనక్కి తీసి, గడియారాలు బాగుచేసేవాళ్ళ భూతద్దంతో చూస్తే అంచు మీద ఎడమవైపే సిరా చెరిగి, అక్కడ సీసం మెరుస్తోంది. కుడివైపు నలుపు అలాగే ఉంది. అంటే రంధ్రం బ్యారెల్‌కు ఎదురుగా రాకుండా వెంట్రుకవాసి ముందే ఆగుతోంది. చక్రం విప్పి చూశాను. ఒక్కో రంధ్రానికి ఒక్కో గాడి ఉంది, చక్రం ఆగేది ఆ గాడి దగ్గరే. నాలుగో గాడిలో సీసం పొర ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది, చేప పొలుసంత. వెదురు పుల్లతో గీకితే ఊడొచ్చింది. మళ్ళీ 90 కాల్చాను. మొత్తం తొమ్మిది ఇరుక్కున్నాయి, నాలుగో రంధ్రంలో ఒక్కటే.

మిగతావాటికి బరువు తేడా కారణమేమో అనుకున్నాను. ఇరుక్కున్న పది, కొత్తవి నలభై వేర్వేరు పొట్లాలు కట్టుకుని నల్గొండ ప్రకాశం బజార్‌లో తెలిసిన కంసాలి పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన కాటా మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. "ఇదేం బంగారం తమ్మీ?" అన్నాడు, అయినా యాభై ఓపిగ్గా తూచిపెట్టాడు. అన్నీ 0.526 నుంచి 0.541 గ్రాముల మధ్యే. ఇరుక్కున్నవి ప్రత్యేకంగా బరువూ కాదు, తేలికా కాదు. ఆ అనుమానం కొట్టేశాను.

అసలు తేడా ఆకారంలో దొరికింది. పెల్లెట్ వెనక భాగం గంటలా పలచగా ఉంటుంది, దాన్ని స్కర్ట్ అంటారు. మెత్తటి సీసం కదా, డబ్బా బండి మీద కుదుపులకు దొర్లితే చాలు, నొక్కుకుపోతుంది. అద్దం పలకను కొంచెం వాలుగా పెట్టి ఒక్కోటి దొర్లించాను. తలకంటే స్కర్ట్ వెడల్పు కాబట్టి మంచి పెల్లెట్ కూడా నేరుగా పోదు, నున్నగా ఒక వంపు తిరుగుతుంది. నొక్కుకుపోయింది గంతులేస్తూ దారి తప్పుతుంది. వందలో 11 అలా తేలాయి. వాటిని పక్కన పెట్టి కాలిస్తే 90లో మూడు.

తల గుండ్రంగా ఉండే పెల్లెట్లు ఇంకా సులువుగా జారిపోతాయి, బ్యారెల్ అంచుకు తట్టుకోవు. కానీ నేను బల్లపరుపు తలవే వాడతాను. అవి టార్గెట్ కాగితానికి శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేస్తాయి. నడిమి పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 ఎంఎం, చిరిగిన రంధ్రంతో గీతను తాకిందో లేదో చెప్పలేం.

మిగిలిన మూడూ నా బొటనవేలి పొరపాటే అనిపించింది. తొందరలో పెల్లెట్‌ను పూర్తిగా దిగేదాకా నొక్కడం లేదు. స్కర్ట్ కొంచెం బయటికి ఉంటే చక్రం తిరిగేటప్పుడు గోడకు రాసుకుంటుంది. ఇప్పుడు ప్రతి పెల్లెట్‌నూ నున్నటి చెక్కపుల్లతో నొక్కి, నింపాక పాత విజిటింగ్ కార్డ్ అంచును మ్యాగజైన్ వెనక మీదుగా జరుపుతున్నాను. కార్డ్ ఎక్కడ తట్టుకుంటే అక్కడ మళ్ళీ నొక్కాలి.

కుట్టు మిషన్ నూనె వేస్తే అన్నీ పోతాయని మా బావ అన్నాడు. వద్దన్నాను. అధిక పీడనం గాలిలో అలాంటి నూనెకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. సిలికాన్ గ్రీజే, అదీ అగ్గిపుల్ల మొనకు అంటినంత.

ఇంకో మాట, ఈ గీకుడంతా సీసంతో. పని అవ్వగానే సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా తినేది. మా చిన్నోడిని ఆ పెల్లెట్ల డబ్బా దగ్గరికి రానివ్వను.

నిన్నటి లెక్క: 90లో ఒకటి. ఏడో రంధ్రం. అందులో పెల్లెట్‌ను పట్టి ఉంచే రబ్బరు రింగు ఒకచోట చిట్లినట్టుంది, నొక్కుతుంటే మిగతావాటికంటే వదులుగా దిగుతోంది. కొత్త రింగు తెప్పిస్తున్నాను. అప్పటిదాకా ఏడో రంధ్రం ఖాళీ, మ్యాగజైన్‌కు ఎనిమిదే.