భీమిలి రోడ్డు: ఆగితేనే కనిపించేవి

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు, ఎక్కడా ఆగకపోతే గంటలో అయిపోతుంది. మా బావ ఎప్పుడూ అలాగే లాగించేస్తాడు. ఈసారి మాత్రం "బావా, నేను చెప్పినచోటల్లా ఆపాల్సిందే" అని ముందే ఒప్పందం చేసుకున్నాను. ఏప్రిల్ ఎండలకి భయపడి పొద్దున్నే బయల్దేరాం. కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ కారులోంచే దాటిపోయాయి.

మొదట తొట్లకొండ. 1976లో నేవీ వాళ్లు ఏరియల్ సర్వే చేస్తున్నప్పుడు వాళ్ల కంటపడిందీ బౌద్ధక్షేత్రం. తర్వాతి తవ్వకాల్లో స్తూపం, విహారాలు, వంటశాల బయటపడ్డాయి. రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయట. కొండెక్కి ధ్యానం చేసుకునే భిక్షువులకి రోమ్ డబ్బుతో ఏం పని? అంచుకి వచ్చి కిందికి చూస్తే సముద్రం మొత్తం కనిపించింది. ఓడల మీద సరుకు తోలే వర్తకులే వీళ్లకి దాతలై ఉండాలి.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. సముద్రమట్టం హెచ్చుతగ్గులైన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక ఇది. రేణువుల చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పట్టి ఎర్రబడింది. వానలకి కోసుకుపోయి లోయలుగా చీలింది. చూడ్డానికి రాతిగోడలా ఉంటుంది గానీ, వేలితో తాకితే చాలు, పొడి జలజలా రాలుతుంది. అలాంటి గోడ మీద ఎవరో గుండె బొమ్మ గీసి రెండు పేర్లు చెక్కారు. ఒళ్లు మండింది.

భీమిలిలో మాత్రం తొందరపడకూడదు. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తని నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. డచ్చివాళ్ల శ్మశానంలో కోసుగా పైకి లేచిన సమాధులు ఇంకా నిలబడి ఉన్నాయి. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడి లోపలి ఇటుక బయటపడింది. ఒక పలకమీది అక్షరాలు వేలితో తడిమితే గానీ తెలియలేదు. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. బీచ్‌లో మాత్రం కాలు పెట్టడానికి చోటు లేదు.

బావకి ఆకలి మొదలైంది, వేడివేడి చేపల వేపుడు కావాలన్నాడు. ఒడ్డున మరబోట్లన్నీ లాగి పెట్టి ఉన్నాయి. వల కుట్టుకుంటున్న పెద్దాయన నవ్వి, "ఇప్పుడు వేటెక్కడిది బాబూ, జూన్ 14 దాకా బంద్" అన్నాడు. గుడ్లు పెట్టే కాలమని ఏటా 61 రోజులు మరబోట్లు వేటకి పోకూడదు. చివరికి మరమరాలతో కలిపే మురీ మిక్చర్‌తో సరిపెట్టుకున్నాం. తిరుగు ప్రయాణంలో బావికొండ అనే మరో బౌద్ధక్షేత్రం చూద్దామంటే బావ వినిపించుకోలేదు. కారు తగరపువలస వైపు తిప్పి హైవే ఎక్కించేశాడు.