సూదులతో తగ్గింది, పొడితో కొంప మునిగేది

నాకు పీరియడ్స్ ఆగి ఏడాది దాటింది, వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే మెనోపాజ్ అని లెక్కట. పీడా పోయిందనుకున్నా గానీ అసలు తంతు అప్పుడే ముదిరింది. ఉన్నట్టుండి గుండెల మీంచి వేడి పైకి పాకి మెడ, మొహం, చెవులు భగ్గుమని, రెండు నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, అది ఆరేలోపు మళ్ళీ చలి. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేచి నైటీ మార్చుకోవడం, ఫ్యాన్ గురించి మా ఆయనతో రోజూ గొడవ, పొద్దున ఆఫీసులో నోటి దాకా వచ్చిన మాట కూడా గుర్తుకురాక నీళ్ళు నమలడం.

గైనకాలజిస్ట్ ఓపిగ్గా చెప్పింది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతే మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌కి ఓర్పు తగ్గిపోయి, కాస్త వేడికే ఇల్లు తగలబడుతున్నట్టు హడావిడి చేసి చెమట పట్టించేస్తుందని. దీనికి హార్మోన్ మాత్రలే బాగా పనిచేస్తాయి కానీ మీకు వద్దు అంది, ఎందుకంటే నాకు కాలి రక్తనాళంలో రెండుసార్లు గడ్డకట్టి ఏళ్ళ తరబడి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నా. వేరే మాత్ర ఏదో ఇస్తే కడుపులో తిప్పేసి మానేశా. ఇక మా అక్క పోరు పడలేక ఆక్యుపంక్చర్‌కి, అదే చైనావాళ్ళ సూదుల వైద్యానికి వెళ్ళా.

అక్కడి వైద్యుడు నా నాలుక చూసి, రెండు చేతులకీ మూడేసి వేళ్ళు పెట్టి నాడి పట్టి, కిడ్నీ యిన్ తగ్గిందమ్మా అన్నాడు. నా గుండె జారిపోయింది, మొన్నేగా కిడ్నీ టెస్ట్‌లో క్రియాటినిన్ బాగానే ఉందన్నారు! తర్వాత చెప్పాడు, చైనా వైద్యంలో కిడ్నీ అంటే మనం స్కానింగ్‌లో చూసేది కాదట, ఒంటిని చల్లగా ఉంచే సత్తువ తగ్గితే వేడి పైకి ఎగదన్నుతుందని వాళ్ళ లెక్క. నమ్మానో లేదో తెలీదు గానీ నా బాధని అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

సూదులు వెంట్రుకల్లా ఉంటాయి. చీలమండకి లోపలివైపు నాలుగు వేళ్ళ పైన ఒకటి, దాన్ని సాన్ యిన్ జియావో అంటారు, మణికట్టు దగ్గర ఒకటి, ఇంకా అక్కడా ఇక్కడా. గుచ్చినప్పుడు నొప్పి కాదు, ఒక బరువులాంటి మొద్దు లాగుడు, అది రావాలట. వార్ఫరిన్ వల్ల తీసిన చోటల్లా కమిలేది, దూది పెట్టి గట్టిగా నొక్కి పట్టుకునేదాన్ని. నోట్‌బుక్‌లో లెక్క రాసుకున్నా, మొదట్లో ఆ వేడి ఆవిర్లు రోజుకి 13 దాకా వచ్చేవి, వారానికొకసారి చొప్పున ఎనిమిది వారాలకి 6కి దిగాయి.

అక్కడితో ఆగితే బావుండేది, ఆయన ఇంకా త్వరగా తగ్గుతుందని మూలికల పొడి ఇచ్చాడు. వార్ఫరిన్ సంగతి మొదటిరోజే చెప్పాను, ఆయనా మర్చిపోయాడు, నేనూ అడగలేదు, మూలికలే కదా ఏమవుతుందిలే అని. మూడు వారాలకి పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం, టెస్ట్ చేస్తే 2 నుంచి 3 మధ్య ఉండాల్సిన ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క, 4.3. పొడిలో డాంగ్ గుయ్ అనే వేరు ఉందట, అది వార్ఫరిన్‌తో కలిస్తే రక్తం మరీ పల్చబడుతుంది. డాక్టర్ తిట్టిన తిట్లు జన్మలో మర్చిపోను. పొడి ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది, సూదులు మాత్రం వదల్లేదు.

ఈలోపు మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చదివి, అమ్మా 2016లో ఆస్ట్రేలియాలో ఈ వేడి ఆవిర్లకి సూదులు పనిచేస్తాయా అని 327 మంది మీద చూశారట, సగంమందికి అసలు సూదులు, సగంమందికి చర్మంలోకి దిగని మొండి సూదులు, రెండు గుంపులకీ ఆవిర్ల బాధ ఒకేలా సుమారు 40 శాతం తగ్గిందట అంది. రెండ్రోజులు దాని మీద ఒళ్ళు మండింది నాకు, ఇన్నాళ్ళూ నేను వెర్రిదాన్నా అని. తర్వాత అనిపించింది, ఫోన్ బయట పెట్టి, చీకటి గదిలో, అమ్మా అని పిలిచేవాళ్ళు లేకుండా అరగంట పడుకోవడం నాకు ఇంకెక్కడ దొరికింది? సూదో, అరగంటో, ఏదైతేనేం.

ఇప్పుడు రెండు వారాలకొకసారి వెళ్తున్నా. నిన్న రాత్రి ఒక్కసారే వచ్చింది, లేవలేదు కూడా, దిండు తిరగేసి పడుకున్నా.