గ్రానైటు కాని గ్రానైటు, పాలరాయి కాని పాలరాయి

విజయవాడలో గుణదల కొండకు దగ్గరలో ఉన్న మా పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకున్న ఎనిమిది నెలలూ నా రోజులు రాళ్ళ మధ్యే గడిచాయి. పునాదికి కొండరాయి, శ్లాబుకు కంకర, మేడమీదికి మాచర్ల నాపరాయి, వంటగట్టుకు నల్ల గ్రానైటు, వీటన్నిటినీ కలిపి నిలబెట్టడానికి కృష్ణ ఇసుక, సిమెంటు. నలభై ఏళ్ళ క్రితం భూగర్భశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, ఆ తరువాత జీవితమంతా బ్యాంకు లెడ్జర్లలో గడిపిన నాకు, ఎప్పుడో అటకెక్కిన చదువు ఒక్కసారిగా వాకిట్లో లారీల కొద్దీ దిగినట్లయింది. "రాయి రాయేనండీ, గట్టిదా కాదా అన్నదొక్కటే చూసుకోవాలి" అనేవాడు మా మేస్త్రి. పనివాడిగా ఆయన మాట ఒప్పే, కాని బజారులో రాయికి ఉన్న పేరుకూ దాని పుట్టుకకూ తరచు పొంతన ఉండదన్న సంగతి నన్ను ఊరుకోనివ్వలేదు.

మొదటి చిక్కు వంటగట్టు దగ్గరే వచ్చింది. దుకాణంలో చూపించిన నల్లని పలక ప్రకాశం జిల్లా చీమకుర్తిది; నల్లటి నేలమీద బంగారు చుక్కలు చల్లినట్లుండే ఆ రాయిని 'గెలాక్సీ గ్రానైటు' అనే పేరుతో దేశదేశాలకు ఎగుమతి చేస్తారు. అయితే అది గ్రానైటు కాదు. గ్రానైటులో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, పుష్కలంగా ఉండాలి. దానితోపాటు ఫెల్డ్‌స్పార్, కొంచెం అభ్రకం వంటివి ఉంటాయి, అందుకే అసలైన గ్రానైటు సాధారణంగా లేత రంగులో ఉంటుంది. చీమకుర్తి రాయి గాబ్రో జాతిది. సిలికా పాలు తక్కువ, ఇనుము, మెగ్నీషియం పాలు ఎక్కువ ఉన్న శిలాద్రవం నుంచి పుట్టింది, అందులో మెరిసే చుక్కలు బ్రాంజైటు అనే పైరాక్సీను ఖనిజానివి. రెండూ భూమిలోపలే నెమ్మదిగా చల్లారినవి కాబట్టి రెండింటిలోనూ స్ఫటికాలు కంటికి కనిపించేటంత పెరిగాయి. అదే ద్రవం లావాగా పైకి పొంగి త్వరగా చల్లారి ఉంటే, స్ఫటికాలకు ఎదిగే వ్యవధి లేక, మహారాష్ట్ర కొండల్లోని బసాల్టులాగా సన్నని రేణువుల రాయి అయ్యేది. ఇదంతా చెబితే దుకాణదారు మర్యాదగా విని, చదరపు అడుగు ధర మాత్రం గ్రానైటు ధరే చెప్పాడు.

ఇక్కడ ఖనిజమన్నా రాయన్నా ఒకటే అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఖనిజానికి ఇంతని చెప్పగల రసాయన కూర్పు, పరమాణువులు ఒక వరుసలో పేర్చుకున్న స్ఫటిక నిర్మాణం ఉంటాయి. రాయి చాలావరకు అటువంటి ఖనిజాల కలగలుపు. మా ఇంట్లో చెప్పిన పోలికలో అయితే వేరుశెనగ గుండు ఖనిజం, పులిహోర రాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం పునాది గుంత. ఆరడుగుల లోతున పలుగు దిగక ఖంగుమన్న చోట తుప్పురంగు చారలతో, పొరలు పొరలుగా ఉన్న రాయి బయటపడింది. దాన్ని ఖోండలైటు అంటారు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలతో సహా మన చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో దానికి ఆ పేరు వచ్చింది. విరిగిన ముక్కను కడిగి ఎండలో తిప్పితే నేరేడు రంగు గార్నెట్ గింజలు, సూదుల్లాంటి సిల్లిమనైటు, పెన్సిలు ముల్లులా వేలికి నల్లగా అంటే గ్రాఫైటు రేకులు కనిపించాయి. (జాతిరత్నాల ఉంగరాల్లోని గోమేదికం కూడా గార్నెట్ కుటుంబానిదే, కాని రకం వేరు, పునాదిలో రత్నాలు దొరికాయని మా బావమరిది ఊరంతా చెప్పడం వల్ల ఈ వివరణ అవసరమైంది.)

ఈ మూడు ఖనిజాలూ కలిసి ఒక్క సంగతే చెబుతాయి. అల్యూమినియం దండిగా ఉంటే తప్ప సిల్లిమనైటు ఏర్పడదు, అల్యూమినియం అంత దండిగా ఉండేది బంకమట్టిలో; గ్రాఫైటు చాలావరకు ఆ మట్టిలో కలిసిన జీవపదార్థపు కర్బనం. అంటే అమ్మవారు వెలసిన ఆ కొండ ఒకప్పుడు ఏదో సముద్రపు అడుగున పేరుకున్న బురద. ఆ బురద గట్టిపడి, భూఫలకాల ఒత్తిడికి ఇరవై కిలోమీటర్లకు పైబడిన లోతుకు కూరుకుపోయి, 700 డిగ్రీలు దాటిన వేడిలో, పూర్తిగా కరగకుండానే లోపలి ఖనిజాలన్నీ మారిపోయి కొత్త రాయి అయింది. మన ప్రాంతంలో ఇది జరిగి సుమారు 160 కోట్ల ఏళ్ళయింది. ఆ తరువాత పైనున్న కిలోమీటర్ల మందం కోసుకుపోయాక ఈ రాయి వెలుగు చూసింది. పైకి వచ్చాక నీరూ గాలీ తగిలి ఫెల్డ్‌స్పార్ తెల్లని మట్టిగా, గార్నెట్ తుప్పుగా మారుతూ ఉంటాయి కనుక, ఖోండలైటు పొరల వెంబడి బలహీనపడుతుంది. 2024 ఆగస్టు చివరి వానల్లో మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయినప్పుడు అందరూ వానను తిట్టుకున్నారు. వాన తప్పు కొంత నిజమే. కాని అలా శిథిలమైన కొండను నిలువుగా చెక్కి దానికింద ఇళ్ళు కట్టుకోవడం మనుషుల పని.

లారీలో వచ్చిన నల్లని పునాదిరాయి వేరే రకం. నూనె పూసినట్లుండే ముదురు ఆకుపచ్చ నలుపు రంగు, కత్తికి గీత పడని గట్టిదనం: అది చార్నోకైటు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని పరిశీలించి 1893లో హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. సమాధిరాయి పేరు పెట్టుకున్న రాయి మా ఇంటి పునాదిలో ఉందని ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు.

మాచర్ల నాపరాయి కథ మళ్ళీ నీటిదే. పల్నాటి సున్నపురాయి, పెంకు ఉన్న ప్రాణులు పుట్టకముందటి సముద్రంలో కాల్షియం కార్బనేటు పేరుకొని ఏర్పడింది. మేడమీద మా అమ్మ ఊరగాయకు నిమ్మకాయలు కోసిన చోట పలకమీద తెల్లని మచ్చలు నిలిచిపోయాయి. నిమ్మరసంలాంటి పులుసు, అంటే ఆమ్లం, తగిలితే సున్నపురాయి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) వదులుతూ కరుగుతుంది, వంటగట్టు రాయికి ఆ బాధ లేదు. అమరావతి స్తూపపు శిల్పాలను పాత పుస్తకాలు పల్నాటి పాలరాయి అన్నాయి గాని అదీ సున్నపురాయే. వేడికి మళ్ళీ స్ఫటికీకరణ చెందితేనే పాలరాయి. పిడుగురాళ్ళ బట్టీల్లో ఈ రాయినే 900 డిగ్రీల దాకా కాలిస్తే నూరు కిలోల శుద్ధమైన రాయికి 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కినది బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. నీళ్ళు పోసి గోడకు పూస్తే, గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చుకొని సున్నం కొన్నాళ్ళకు పలుచని సున్నపురాయి పొరగా మారిపోతుంది.

చివరికి మిగిలింది ఇసుక కుప్ప. మనుమడి చేతికి అయస్కాంతం ఇచ్చి కుప్పలో తిప్పమంటే నల్లని మాగ్నటైటు రేణువులు మీసాల్లా అంటుకున్నాయి. తెల్లగా మెరిసేవి చాలావరకు పలుగురాయి. ఎగువన కృష్ణ దాటి వచ్చే 6.6 కోట్ల ఏళ్ళనాటి బసాల్టులో పలుగురాయి దాదాపు లేదు గనుక, ఆ రేణువులు ఎక్కువగా దిగువన గ్రానైటు, నీస్ (వేడికీ ఒత్తిడికీ మారిన చారల రాయి) రాళ్ళు అరిగి వచ్చినవి. ఆ రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ చాలావరకు దారిలోనే బంకమట్టిగా మారి డెల్టా పొలాల్లోకి, సముద్రంలోకి పోయింది. ఆ మట్టి ఇప్పుడు, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి అవతల, సముద్రపు అడుగున, మా పునాది గుంతలోని ఖోండలైటు ఒకప్పుడు ఉన్న స్థితిలోనే ఉంది.