ఫైటర్ చేప తోక కుళ్ళు: మా పుంజు డైరీ

జనవరి 16, రాత్రి

సంక్రాంతికి ఊరికి పోయి, నల్గొండలో మళ్ళీ ఇంటి తాళం తీసేసరికి ఏడు దాటింది. పాప చెప్పులు కూడా విడవకుండా చేప తొట్టి దగ్గరికి ఉరికింది. "నాన్నా, పుంజు తోక ఎవరో కొరికిన్రు!"

పుంజు అంటే మా ఫైటర్ చేప. అద్దం చూపిస్తే చాలు, పందెం కోడి మెడ ఈకలు లేపినట్టు మొప్పలు విప్పుతాడు, అందుకే ఆ పేరు. ఒళ్ళు ముదురు నీలం, తోక ఎరుపు. 20 లీటర్ల తొట్టిలో వాడొక్కడే ఉంటాడు, కొరకడానికి ఇంకెవరూ లేరు. టార్చి వేసి చూశాను. తోక అంచు పీలికలయింది. పీలికల కొసలు కాలిన కాగితంలా నల్లబడ్డాయి, ఆ నలుపు చుట్టూ వెంట్రుకంత సన్నటి తెల్ల పొర. రెక్కలు ముడుచుకుని మూలన ఆనుకుని ఉన్నాడు. నీళ్ళు 21 డిగ్రీలు. అడుగున ఉబ్బి బూజు పట్టిన మేత గింజలు.

గింజల సంగతి వెంటనే అర్థమైంది. రోజుకు రెండు గింజలు వేయమని పక్కింటి చిన్నోడికి డబ్బా ఇచ్చి పోయాను. వాడు ప్రేమ కొద్దీ రోజుకో చెంచా వేశాడు. వాణ్ని ఏమీ అనలేదు. ఆరోగ్యంగా ఉన్న ఫైటర్ మూడు నాలుగు రోజులు మేత లేకున్నా ఉంటుంది. అసలు డబ్బా ఇవ్వడమే నా తప్పు.

జనవరి 17

చేపల షాపులో నీలం మందు, అంటే మిథిలిన్ బ్లూ ఇచ్చారు. తొట్టిలోనే పోయమన్నారు. పోశాను. తొట్టి సిరా బుడ్డిలా అయింది, స్పాంజ్ ఫిల్టర్ నీలమైంది, మూలల్లోని గమ్ కూడా నీలమైంది. ఈ మందు బూజుకు పనిచేస్తుంది గానీ ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుందని పోసిన తర్వాత చదివాను. పోయాలనుకుంటే వేరే డబ్బాలో చేపను పెట్టి అందులో పోయాలి.

షాపాయన ఇంకో మాట అన్నాడు: "ఇది వరి మడిల బతికే చేప సార్, ఏ నీళ్ళయినా తట్టుకుంటది." సగం నిజమే. థాయ్‌లాండ్ దీని సొంతూరు, 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. వరి మళ్ళలో, నిలవ నీటి గుంటల్లో ఉంటుంది. తలలో ఉండే ఒక ప్రత్యేక అవయవంతో పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా బతుకుతుంది. కానీ చేప విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి నీళ్ళలో పుట్టే అమోనియా మంట వేరు. అది మొప్పలను, చర్మాన్ని కాలుస్తుంది. పైకొచ్చి గాలి పీల్చినంత మాత్రాన ఆ మంట తప్పదు.

జనవరి 19

అమోనియా టెస్ట్ కిట్ తెచ్చాను. చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే గాజు గొట్టంలో పసుపు రంగు ఉండాలి. మాది ఆకుపచ్చకు తిరిగింది. 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు. సున్నా ఉండాల్సిన చోట ఒకటి.

కుళ్ళిన మేత ఒక్కటే కారణమా? ఎయిర్ పంపు బాగానే నడుస్తోంది. స్పాంజ్ వైపు చూస్తూ కూర్చుంటే భోగి పొద్దున గుర్తొచ్చింది. ఇల్లు కడిగే ఊపులో ఆ స్పాంజ్‌ను నల్లా కింద పెట్టి, తెల్లగా అయ్యేదాకా పిండి పిండి కడిగాను. నల్లాలో వచ్చేది మిషన్ భగీరథ నీళ్ళు, క్లోరిన్ కలిపినవి. మనుషులకు అదే క్షేమం. కానీ చేప విడిచే అమోనియాను నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజ్ మురికిలోనే కాపురం ఉంటుంది. కాపురం మొత్తం కడిగేశాను. దాని మీద మేత, మేత మీద చలి, చివర్న నీలం మందు. నాలుగూ మా చేతుల మీదుగానే జరిగాయి.

ఇంకో తిప్పలు మా నీళ్ళది. తొట్టిలో పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత, 8 ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియాలో విషమయ్యే వాటా పెరుగుతుంది. 7 నుంచి 8కి పెరిగితే అది దాదాపు పది రెట్లవుతుంది. అందుకే 1 పీపీఎం అని వేరే ఊళ్ళో ఎవరైనా తేలిగ్గా తీసుకున్నా, ఇక్కడ తీసుకోవద్దు.

నాన్న వచ్చి చూసి, "నీళ్ళల్ల పటిక తిప్పరా, తేట పడ్తయి" అన్నాడు. ఆయన పుట్టింది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆయన నమ్మకం ఊరికే రాలేదు. కానీ పటిక పీహెచ్‌ను ఒక్కసారి కింద పడేస్తుంది, అల్యూమినియం మొప్పలకు మంచిది కాదు. "చేపకు పడది బాపూ" అని చెప్పి ఒప్పించేసరికి చాయ్ చల్లారింది.

జనవరి 20 నుంచి 29

ఆస్పత్రి ఏర్పాటు ఇలా చేశాను. 5 లీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో చేప. ఆ డబ్బాను బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో, నీళ్ళ మధ్యన నిలబెట్టాను. 50 వాట్ల హీటర్ పూర్తిగా మునిగేలా టబ్బులో పడుకోబెట్టాను, డబ్బాలో కాదు. డబ్బా లోపల 26, 27 డిగ్రీల దగ్గర నిలబడింది. పైన స్టీలు పళ్ళెం మూత, గాలికి కొంచెం సందు వదిలి. ఫైటర్ ఎగురుతుంది, పైగా పైకొచ్చి పీల్చే గాలి కూడా చల్లగా ఉండకూడదు. చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ హీటర్ స్విచ్ తీశాను.

ఉప్పు: అయోడిన్ లేని దొడ్డు ఉప్పు, 5 లీటర్లకు చదును చేసిన ఒక చిన్న చెంచా. లీటరుకు గ్రాము పైచిలుకు. ముందు గ్లాసులో పూర్తిగా కరిగించి పోయాలి, గల్లు చేప మీద పడకూడదు. రోజూ నీళ్ళన్నీ మార్చి, అంతే ఉప్పు మళ్ళీ. పది రోజులు దాటించలేదు. కొత్త నీళ్ళు ముందు రోజే బకెట్లో పట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, అదే వేడికి తెచ్చి పోశాను.

బాదం ఆకు: మనం తినే బాదం కాదు, బడి ఆవరణల్లో గొడుగులా పెరిగే చెట్టు. తనంతట తాను రాలి ఎండిన ఎర్రటి ఆకు ఒకటి కడిగి, మరిగించి, చల్లారిన చాయ్ రంగు నీళ్ళు కొన్ని కలిపాను. మందు అనను, వాడు కుదురుగా ఉన్నాడు.

మొదటి రెండు రోజులు మేత లేదు. మూడో రోజు రెండు గింజలు నానబెట్టి వేస్తే ఒకటి తిని ఉమ్మేశాడు. 22న పక్కకు ఒరిగి అడుగున పడుకున్నాడు. నిమిషానికోసారి తంటాలు పడి పైకి వచ్చి, ఒక గుక్క పీల్చి, ఆకు రాలినట్టు కిందికి. పాపను ఆ రోజు డబ్బా దగ్గరికి రానివ్వలేదు. 24న పొద్దున నల్ల అంచు నిన్న ఉన్నచోటే ఉంది. స్కేలు పెట్టి ఫోటోలు తీస్తున్నాను కాబట్టి తెలిసింది, కంటికి తెలియదు.

ఈలోపు మిర్యాలగూడలో గప్పీ చేపలు పెంచే దోస్తు దగ్గర ఏడాదిగా నడుస్తున్న, ఆ మంచి బ్యాక్టీరియా ఉన్న స్పాంజ్ ఒకటి అడిగి, తొట్టి నీళ్ళతో సహా కవర్లో కట్టుకుని బస్సులో తెచ్చాను. "గంటసేపు పోయి మురికి తెచ్చుకున్నడు" అని మా ఆవిడ ఇంకా చుట్టాలకు చెబుతూనే ఉంది.

ఫిబ్రవరి 2

తోక అంచున పాలిథిన్ కవర్ లాంటి పొర, రంగు లేకుండా, మిల్లీమీటరు లేదు. కొత్త చర్మం అలాగే వస్తుంది. ఉప్పు లేని నీళ్ళు, రోజుకు మూడు గింజలు.

ఫిబ్రవరి 9

తొట్టిలో అమోనియా, నైట్రైట్ రెండూ వరుసగా నాలుగు రోజులు సున్నా. వాడిని మళ్ళీ తొట్టిలో వదిలాను. ముందు నీలం పట్టిన పాత స్పాంజ్ ఉండే మూలకు పోయి చూశాడు.

మార్చి 2

తోక ముప్పాతిక వచ్చింది. కొత్త భాగం ఎరుపు కాదు, పలచని గులాబీ. ఒక ఈనె వంకరగా పెరిగింది, విరిగిన గొడుగు పుల్లలా. అది ఇక సర్దుకోదనుకుంటా. అద్దం రెండు నిమిషాలు చూపించాను, మొప్పలు విప్పాడు. ఆదివారాలు పావు వంతు నీళ్ళు మారుస్తున్నాను. స్పాంజ్‌ను, తీసిన ఆ తొట్టి నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెడుతున్నాను.

ఉగాదికి మళ్ళీ ఊరికి పోవాలి, మూడు రోజులు. "ఈసారి గూడ నేనే మేతేస్త అంకుల్" అని పక్కింటి చిన్నోడు ఇప్పటి నుంచే అడుగుతున్నాడు. రోజూ పొద్దున థర్మామీటర్ చూసి కాగితం మీద రాసే పని వాడికిచ్చాను. డబ్బా మాత్రం బీరువాలో ఉంటుంది.